గడియ పెట్టమన్నది ఆమే

ఉదయం పదింటికి, నౌపడ ఉప్పుమడుల్లోకి సముద్రపు నీటిని వదిలే తూము గదిలో హేమ ఉండగా, బయట గడియ పడింది. వేసినవాడు ఎల్లాజీ. వెయ్యమన్నది హేమే.

ఆమె ఎచ్చెర్లలో చరిత్ర పాఠాలు చెబుతుంది. గడియకుడుకను పరీక్షించడానికి వచ్చింది. అది అడుగున బెజ్జమున్న రాగి గిన్నె. నీళ్ల మీద వదిలితే నిండి మునుగుతుంది. ఒక్క మునకకు ఒక గడియ, అంటే ఇరవైనాలుగు నిమిషాలు.

"ఘటి అంటే కుండ, బాబాయ్. ఘటికే గడియ అయింది. గడియారం పేరు అక్కణ్ణుంచే వచ్చింది," అని అంతకుముందు గట్టు మీద నడుస్తూ ఎల్లాజీతో చెప్పింది.

"అయితే మా ఆడది రోజూ నెత్తిన గడియారం మోస్తన్నాదన్నమాట," అన్నాడు మడుల కాపలాదారు ఎల్లాజీ. "బేగి కానియ్యమ్మా. పోటొస్తే గదిలో మెట్లన్నీ ములిగిపోతాయి."

గాలికి గిన్నె ఊగకూడదని ఆమె గదిలోకి దిగింది. ఫోను గట్టు మీద సంచిలో ఉండిపోయింది. కింది మెట్టు మీంచి కేకేసింది.

"గాలి పెరుగుతోంది బాబాయ్! గడియ పెట్టెయ్యాలి!"

"గడియెట్టేత్తన్నానమ్మా!"

ఆ మాట ఆమెకు వినపడలేదు. ఇనప తలుపు మూసుకుంది. గాలికే అనుకుంది. గిన్నెను నీటి మీద వదిలి, గోడ కంతలోంచి పడే వెలుతురులో చూస్తూ కూర్చుంది.

గిన్నె మునిగింది. తీయబోతే చెయ్యి భుజం దాకా దిగింది. కూర్చున్న మెట్టు మీదికి నీళ్లొచ్చాయి.

గిన్నె పట్టుకుని పైకెళ్లి తలుపు నెట్టింది. కదల్లేదు.

"బాబాయ్!"

గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. తలుపు మీద నాచు గీత కనపడింది. అది ఆమె నెత్తికన్నా జానెడు పైన ఉంది. పోటు అక్కడిదాకా వస్తుంది.

పై మెట్టు మునిగింది. నీళ్లు మోకాళ్లు దాటాయి. అరిచి అరిచి గొంతు పోయింది. అప్పుడు గిన్నెతో తలుపును కొట్టడం మొదలుపెట్టింది. నీళ్లు నడుము దాటాయి. గుండెల దాకా వచ్చాయి. ఆమె కొడుతూనే ఉంది.

బయట ఇనుము గీసుకున్న చప్పుడైంది. తలుపు తెరుచుకోగానే నీళ్లతో పాటు ఆమె బయటికి పడింది.

"ఒక గడియే గదాని టీకెల్లాను తల్లీ," ఎల్లాజీ రొప్పుతున్నాడు. "రైలుగేటు కాడ గూడ్సు నిలిచిపోనాది. బండి కిందనించి దూరొచ్చాను."

"తలుపెందుకు వేశావు?"

"ఏటమ్మా, నువ్వే గదా గాలొత్తంది, గడియెట్టమన్నావు!"

ఆమె గిన్నె వైపు చూసింది. చేతిలోని గిన్నెను అతనే వేళ్లు విడదీసి తీసుకున్నాడు. అడుగు సొట్టబోయింది. బెజ్జం పూడిపోయింది.