గ్రూపులో అన్న మాట

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి నాంపల్లి స్టేషన్ వెనక మా సందులో ఎవరిని అడిగినా చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. మా నాన్నగారు యాభై ఆరులో తెనాలి నుంచి ఉద్యోగానికి ఇక్కడికి వస్తూ రెండు ట్రంకు పెట్టెలూ, ఈ కోపమూ తెచ్చుకున్నారని మా అమ్మ అనేది. పెట్టెలు తుప్పుపట్టి పోయాయి. కోపం నా వాటాకి వచ్చింది.

సుబ్బరత్నం అంటే ఎవరో మీకు తెలియకపోవచ్చు గానీ, అబిడ్స్ ఆఫీసుల్లో నా పప్పుచారు రుచి తెలియనివాళ్ళు తక్కువ. రోజూ మధ్యాహ్నం మా ఇంటి నుంచి నలభై రెండు క్యారేజీలు వెళతాయి. వంట నేనూ వీరమ్మా చేస్తాం. పరశురాం స్కూటర్ మీద పట్టుకెళ్ళి ఇచ్చి వస్తాడు. వీరమ్మది జనగామ దగ్గర పల్లె, ఇప్పుడు ఉండేది చాదర్‌ఘాట్‌లో. పంతొమ్మిదేళ్ళుగా నా దగ్గర పనిచేస్తోంది. బడి గడప తొక్కలేదు గానీ, గిన్నె మూత తియ్యకుండా అన్నం ఎంత ఉడికిందో చెబుతుంది.

మూడేళ్ళ కిందట మా చెల్లెలి కొడుకు ఫణికుమార్ వచ్చి, "పెద్దమ్మా, ఇంకా ఇంటింటికీ ఫోన్ చేసి తింటారా తినరా అని అడుగుతావేంటి?" అని నవ్వి, వాట్సాప్ గ్రూపు పెట్టి పోయాడు. పొద్దున ఎనిమిదింటికి ఆ రోజు ఏం వండుతున్నామో నేను వాయిస్‌లో చెబుతాను, తినేవాళ్ళు జవాబు పెడతారు. మొదటి వారం ఆ జవాబులతో నా ప్రాణం తోడేశారు. ఒకాయన తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తాడు, ఇంకొకావిడ ఇంగ్లీషుని కూడా సగమే రాస్తుంది. ఇక్కడ పోపు మాడిపోతుంటే నేను కళ్ళజోడు వెతుక్కోవాలి. అదంతా చూసి చూసి ఒకరోజు వీరమ్మే అంది.

"అమ్మా, గా రాతలెందుకు? బొమ్మలు పెట్టమనుర్రి. బొమ్మలైతే నేను జూస్త."

అలా మా గ్రూపుకి ఒక పద్ధతి ఏర్పడింది. బొటనవేలు పైకెత్తితే ఒక భోజనం. నాలిక బయటపెట్టిన మొహమైతే కూర ఎక్కువ. ఎర్ర మిరపకాయకి గోంగూర పచ్చడి. రెండు చేతులూ జోడిస్తే ఈ రోజుకి వద్దని. ఈ చివరిది ఎందుకలా అని అడిగితే వీరమ్మ నా వంక జాలిగా చూసింది.

"బంతిల కూసున్నోళ్ళు కడుపు నిండినంక ఏం జేస్తరమ్మా? మనం గరిటె పట్కొని పోంగనే దండం పెట్టరా? గదే ఇది."

పెళ్ళిళ్ళలో వడ్డించినవాళ్ళకి ఇంతకంటే తేలిగ్గా అర్థమయ్యే గుర్తు ఇంకొకటి లేదు. విస్తరి మీదికి వంగి, ఎంగిలి చెయ్యని కూడా చూసుకోకుండా దండం పెట్టేస్తారు. నాకూ సబబే అనిపించింది. గ్రూపులో అందరికీ చెప్పాను, అందరూ సరేనన్నారు. అప్పటి నుంచీ ఫోను రుబ్బురోలు పక్కన మేకుకి సంచీలో వేలాడేది. వీరమ్మ పక్కనున్న ఫొటోని బట్టి మనిషిని పోల్చుకుని, ఒక్కొక్క బొమ్మ చూసి, ఒక్కొక్క చింతపిక్క గిన్నెలో వేసేది. మూడేళ్ళలో ఒక్క భోజనం లెక్క తప్పలేదు.

అంతటితో ఆగేది కాదు. "అంజన్ సారు రోజు వేలెంబడి పువ్వు పెడ్తడు. ఇయ్యాల వట్టి వేలు పెట్టిండు. పానం బాగలేనట్టుంది, జర చారు ఎక్కువ పొయ్యిర్రి" అనేది. నేను "నీకేమైనా పూనకమా?" అని వెక్కిరించేదాన్ని. సాయంత్రం అంజన్ గారు ఫోన్ చేసి, జ్వరంగా ఉంది, చారు బాగా పనిచేసింది అనేవారు.

ఇదంతా పోయిన సోమవారం దాకా.

అబిడ్స్‌లో ఒక ట్రావెల్స్ ఆఫీసు. పద్దెనిమిది మంది. మేనేజరు మృదుల అని, మంచి మర్యాద గల అమ్మాయి. వారం రోజులు తిని చూస్తాం, నచ్చితే ఉంటాం అంది. ఆదివారం సాయంత్రం వాళ్ళందరినీ గ్రూపులో చేర్చాను. సోమవారం పొద్దున దోసకాయ పప్పూ, వంకాయ కారం పెట్టిన కూరా అని చెప్పాను. చింతపిక్కలు లెక్కపెట్టి వీరమ్మ అంది, "కొత్త ఆఫీసోళ్ళు ఒక్కలు గూడ తినరంట. అందరు దండాలే పెట్టిన్రు." మొదటి రోజు కదా, ఇంటి నుంచి తెచ్చుకుని ఉంటారులే అన్నాను.

ఒంటిగంటన్నరకి మృదుల ఫోన్ చేసింది. "ఆంటీ, లంచ్ ఇంకా రాలేదు. పొద్దున మేమందరం థాంక్స్ కూడా పెట్టాం కదా." తిట్టినా బాగుండేది. ఆ అమ్మాయి తిట్టలేదు. పద్దెనిమిది మంది ఆకలితో ఉన్నారని మెల్లగా, మర్యాదగా చెప్పింది.

కొత్తవాళ్ళకి మా పద్ధతి చెప్పాల్సింది నేను. ఆదివారం టీవీ చూస్తూ మర్చిపోయాను. కానీ కోపం వచ్చినప్పుడు నాకు నా తప్పు తప్ప లోకంలో తప్పులన్నీ కనిపిస్తాయి. ఫోన్ లాక్కుని, గ్రూపులో మైకు నొక్కి, అరవై మందికీ వినబడేలా అరిచాను.

"మృదుల గారూ, తప్పు నాది కాదమ్మా. ఫోను మా వంటమనిషి చూస్తుంది. దానికి అక్షరమ్ముక్క రాదు. ఏ బొమ్మకి ఏ అర్థం తోస్తే అదే అంటుంది. చదువు రానిదాని చేతికి ఫోనివ్వడం నాది బుద్ధితక్కువ."

వేలు తీశాను. మాట గ్రూపులోకి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగితే వీరమ్మ అక్కడే ఉంది, చేతిలో గరిటెతో.

"ఔ, నాకు చదువు రాదు," అంది. "గా ముచ్చట మీకెర్క, నాకెర్క. గాళ్ళందరికెందుకు చెప్పిన్రు?"

గరిటె కడిగి బోర్లించింది. కొంగు దులుపుకుంది. గేటు దాటుతుంటే "పోతే పో, నాకు చేతులు లేవా?" అని ఇంకో కేక కూడా పెట్టాను. అదీ మా నాన్నగారి వాటాలోదే.

మంగళవారం నుంచి ఫోను నేనే పట్టుకున్నాను. బొమ్మలు చూడటం కూడా ఒక విద్యేనా అనుకున్నాను. కాకరకాయ వేపుడని చెప్పి, "మొహాలు చిట్లించకుండా తినండి" అని చివర్లో అన్నాను. మరుక్షణం ప్రణయ్ అనే కుర్రాడి దగ్గర్నుంచి పుర్రె బొమ్మ వచ్చింది. దాని కింద ఇద్దరు ధారలుగా ఏడుస్తున్న మొహాలు పెట్టారు. వెంటనే ఫోన్ చేసి, "బాబూ, ఎవరు పోయారు?" అన్నాను.

"ఎవరూ పోలేదాంటీ, నేనే పోయా. నవ్వలేక."

"మరి వాళ్ళెందుకు ఏడుస్తున్నారు?"

"అదీ నవ్వే ఆంటీ. నవ్వే బొమ్మ ఇప్పుడు పెద్దవాళ్ళే పెడుతున్నారు."

ఏడిస్తే నవ్వు, చస్తే ఇంకా ఎక్కువ నవ్వు. బుధవారం ముగ్గురు మంట బొమ్మ పెట్టారు. నోరు మండిపోతోందనుకుని మర్నాడు కూరలో కారం సగానికి తగ్గించాను. అది పొగడ్తట, ఫణికుమార్ చెప్పాడు. వాళ్ళు మెచ్చుకున్న కూరనే నేను చప్పగా చేసి పంపాను. అంజన్ గారు రెండు రోజులు వరసగా సన్నగా నవ్వే మొహం పెట్టారు. ఆహా, ఆయనైనా సంతోషంగా ఉన్నాడని మురిసిపోయాను. మూడోరోజు భోజనమే మానేశారు. రెండు రోజులుగా ఆయన క్యారేజీలో పెరుగు లేదట.

"అది నవ్వు కాదు పెద్దమ్మా, పళ్ళు కొరకడం," అన్నాడు ఫణి.

ఇవన్నీ వీరమ్మకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఎవరు ఏ రోజు ఏది పెట్టారో, ఆ సాయంత్రం వాళ్ళ క్యారేజీలో ఏం మిగిలి వచ్చిందో చూసి నేర్చుకుంది. నేను ఆ క్యారేజీలు కడిగించడమే గానీ, ఒక్కనాడూ వాటిలోకి తొంగిచూడలేదు.

గురువారం పొద్దున వంటింట్లో నిలబడి, ఉప్పు వేశానో లేదో గుర్తురాక, అలవాటుగా "వీరమ్మా, ఉప్పు చూడు" అన్నాను. పలికేవాళ్ళు లేరు. ఏడుపొచ్చింది. ఉల్లిపాయలు కూడా తరగడం లేదు అప్పుడు.

మా ఇంట్లో తప్పయిందని చెప్పే ఆచారం లేదు. తప్పు చేసినవాళ్ళు తినుబండారాలు పంపుతారు, అవతలివాళ్ళు తిని మర్చిపోతారు. పరశురాం చేత డబ్బాడు సున్నుండలు పంపాను. డబ్బా మూత కూడా తియ్యకుండా వెనక్కి వచ్చింది. సరే, బొమ్మల మనిషికి బొమ్మలే పంపుదామని వీరమ్మ సొంత ఫోనుకి గులాబీ పువ్వు పంపాను. చూసినట్టు నీలం గీతలు పడ్డాయి, జవాబు లేదు. మూడు గులాబీలు పంపాను. ఫణిని అడిగి, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని బతిమాలుతున్న మొహం పంపాను. నా వయసుకి ఆ మొహం నప్పలేదు గానీ పంపాను. చూసింది, ఊరుకుంది.

మర్నాడు పరశురాం క్యారేజీలు సర్దుతూ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఒక్క మాట చెప్త, కోపం జెయ్యొద్దు."

"చెయ్యను, చెప్పు."

"మీరు తిట్టింది అందరి ముంగట. పువ్వులేమో చాటుకు పంపుతున్నరు."

కోపం చెయ్యనని మాటిచ్చి ఉండకపోతే ఆ పూట పరశురాం సంగతి చూసేదాన్ని. దాని బదులు మజ్జిగ కలిపాను. క్యారేజీలు వెళ్ళాక గదిలో తలుపేసుకుని, మైకు నొక్కి, నాలుగుసార్లు చెరిపేసి, అయిదోసారికి గ్రూపులో పెట్టాను. సోమవారం నేనన్నది తప్పు, పద్ధతి చెప్పడం మర్చిపోయింది నేను, వీరమ్మ కాదు అని. పెట్టగానే గుండె బొమ్మలు వరసకట్టాయి. మృదుల కూడా పెట్టింది. అరగంట చూశాను. ఒక్క మనిషి నుంచి మాత్రం రాలేదు. ఎలా వస్తుంది? మూడేళ్ళు ఆ గ్రూపుని నడిపిన మనిషిని అసలు గ్రూపులో చేర్చనేలేదు. ఎంతసేపూ నా ఫోనులోనే చూసేది.

ఆటో ఎక్కి చాదర్‌ఘాట్ వెళ్ళాను.

వీరమ్మ గుమ్మంలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేచి, పీట వేసింది. "కూసోర్రి" అంది, అంతే. నేను ఫోను తీసి, ఆ వాయిస్ పెట్టాను. చాట పక్కన పెట్టి, చివరిదాకా విన్నది.

"ఇంకోపారి వెట్టుర్రి."

పెట్టాను. రెండోసారి కూడా చివరిదాకా విన్నది.

"గొంతేంది గింత చిన్నగున్నది?"

"జలుబు చేసింది," అన్నాను. అబద్ధం.

"సోమవారం గిట్ల లేకుండె. సందు సందంత ఇన్నది. నేను గేటు దాటినంక గూడ ఇనొచ్చింది." నా చేతిలోంచి ఫోను తీసుకుంది. గ్రూపు తెరిచి, మైకు మీద తన బొటనవేలు పెట్టి, ఫోను నా నోటి దగ్గరికి తెచ్చింది. "గా గొంతుతోనే చెప్పుర్రి."

చుట్టూ చూశాను. పక్కింటావిడ బట్టలు ఆరేస్తోంది. ఎదురింటి మెట్ల మీద ఇద్దరు ముసలాళ్ళు బీడీలు కాలుస్తున్నారు. వీరమ్మ వేలు కదల్లేదు. ఫోనులో అంకెలు నడుస్తున్నాయి.

అరిచాను. "నేను సుబ్బరత్నాన్ని! సోమవారం తప్పు చేసింది నేను! వీరమ్మ కాదు! అరవై మంది ముందు ఆవిణ్ణి చులకన చేశాను! నాకు అక్షరాలు వచ్చు, బుద్ధి రాలేదు!"

బట్టలావిడ చేతిలో చీర అలాగే ఉండిపోయింది. మెట్ల మీది ముసలాయన బీడీ తీసి ఇటు తిరిగాడు. అయిపోయిందన్నట్టు వీరమ్మ వంక చూశాను. వేలు తియ్యలేదు. ఇంకా ఏదో ఉందన్నట్టు నన్నే చూస్తోంది. నా కళ్ళు నిండిపోయాయి.

"నువ్వు లేకపోతే నాకు ఇంట్లో తోచడం లేదు వీరమ్మా," అన్నాను.

అది చిన్నగానే వచ్చింది. గట్టిగా చెప్పమని ఆవిడ అనలేదు. వేలు తీసింది.