గడప వెడల్పు సోమవారం

ఈ రోజు మా హాల్లో ఆదివారం, పడగ్గదిలో మంగళవారం.

ఆదివారం ఎండగా ఉంది. ఫ్యాను కింద కూర్చున్నా మెడ మీద చెమట కారుతోంది. మంగళవారం మాత్రం వాన. గది పైకప్పు నుంచి సన్నగా, ఏ తొందరా లేకుండా కురుస్తోంది. మా బావ దుప్పటి ముసుగు పెట్టుకుని ఆ తడిలోనే హాయిగా పడుకుని ఉన్నాడు. ఈ అల్పపీడనం సంగతి వార్తల్లో చెప్పలేదు. ఒక్క గదిలో పడే వాన కోసం వార్తలు ఎవరు చదువుతారు?

బావ పేరు పైడిరాజు. మా మేనత్త కొడుకు, ఇప్పుడు నా మొగుడు. గాజువాక అవతల ఒక ఫ్యాక్టరీలో క్రేన్ నడుపుతాడు. అతనికి వారం సెలవు మంగళవారం. నేను గ్యాస్ ఏజెన్సీలో ఫోన్లు ఎత్తుతాను. నా సెలవు ఆదివారం. పెళ్ళయిన దగ్గర్నుంచి ఇద్దరం ఒకే పూట ఖాళీగా ఉండి, ఎదురెదురుగా కూర్చుని, తీరిగ్గా అన్నం తిన్న పాపాన పోలేదు. దండెం మీద తడి తువ్వాలు కనిపిస్తే నాకూ మొగుడున్నాడని గుర్తొస్తుంది. అలాంటిది రెండు సెలవులూ ఒకే ఇంట్లో పక్కపక్కన ఉన్నాయి. నాకు పట్టరానంత సంతోషంగా ఉంది.

మధ్యలో సోమవారం ఒక్కటే అడ్డం. అది హాలుకూ గదికీ మధ్య ఉన్న చెక్క గడపలో ఉంది. నాలుగు వేళ్ళ వెడల్పు. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టినా సోమవారం ముఖం సోమవారంలాగే ఉంది.

చేపల పులుసు చేశాను, రమ్మని బావను పిలుస్తాను. అతను బద్ధకంగా లేచి, గడప దాటి కుడికాలు ఆదివారంలో పెడతాడు. పెట్టగానే ఆ కాలికి బూటు వచ్చేస్తుంది. నెత్తి మీద హెల్మెట్టు కూర్చుంటుంది. అల్మారా వెనకనుంచి సైరన్ మోగుతుంది. కాలు వెనక్కి తీసుకుంటే మళ్ళీ ఉత్త కాలు, తడి జుట్టు.

"ఆదివారం నాకు డ్యూటీ కదే రత్నం," అంటాడు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు.

సరే, నేనే వెళ్దామని మంగళవారంలో అడుగు పెడతాను. వెంటనే నా చేతిలో ఫోను మోగుతుంది. సిలిండరు ఎప్పుడొస్తుందని ఎవరో ఆవిడ అడుగుతోంది. సాయంత్రానికి వచ్చేస్తుందండీ అని అలవాటుగా చెప్పేసి వెనక్కి వస్తాను. ఫోను మాయమవుతుంది. ఆవిడ సిలిండరు సంగతి ఏమవుతుందోనని కాస్త బెంగగా ఉంటుంది గానీ, ఆదివారం కదా, బెంగ ఎక్కువసేపు నిలవదు.

అప్పుడు మేం ఒక ఉపాయం చేస్తాం. నేను ఆదివారం చివరి అంచున పీట వేసుకుంటాను. బావ మంగళవారం చివరి అంచున మఠం వేసుకుంటాడు. గడపకు ఇటు నా కంచం, అటు అతని కంచం. గరిటె చాచి పులుసు పోస్తాను. పొయ్యి మీద నుంచి ఇప్పుడే దించిన పులుసు అటు వెళ్ళేసరికి రెండ్రోజులు ఊరిపోతుంది. బావ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. నా కంచంలో పులుపు ఇంకా ముక్కకు పట్టనే లేదు. అయినా ఇంత రుచిగా నేనెప్పుడూ తినలేదు. సంతోషం ఆపుకోలేక పీట మీద కాళ్ళు ఊపుతాను.

"కాళ్ళు ఊపకమ్మా," అంటుంది గదిలోంచి మా అత్త.

అత్త పేరు పోలమ్మ. ఈ ఇంట్లో ఆవిడ నిషేధాలు ముఖ్యంగా రెండు. గడప మీద కూర్చోకూడదు, కూర్చున్నచోట కాళ్ళు ఊపకూడదు. ఎందుకని అడిగితే కూడదంతే అంటుంది. ఆవిడ వంటిల్లు వదిలి కూర్చోవడం నేను పెద్దగా చూడలేదు కాబట్టి, కూర్చోవడం గురించి ఇన్ని సంగతులు ఎలా తెలుసోనని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

రెండో ముద్ద కలిపేలోగా నా కంచం దానంతటదే కాస్త వెనక్కి జరుగుతుంది. బావ కంచమూ జరుగుతుంది. కిందికి చూస్తే గడప వెడల్పయింది. అటునుంచి వాన తగిలి చెక్క ఉబ్బుతోంది. వానాకాలం తలుపులు ఉబ్బడం నాకు తెలుసు. సోమవారం ఉబ్బడం ఇదే చూడటం. నాలుగు వేళ్ళది జానెడయింది.

"జానెడు సోమవారం మనల్నేం చేస్తాదిలే," అంటాను.

"జానెడులో ఓవర్‌టైము పట్టేస్తాది. మూరెడైతే షిఫ్టు మొత్తం పట్టేస్తాది," అంటాడు బావ. ఫ్యాక్టరీ మనిషి కాబట్టి కొలతల్లో అతని మాట నమ్మాల్సిందే.

చెక్క లోపల ఫోన్లు మోగడం మొదలవుతుంది. వాటి మధ్య సన్నగా సైరన్. బావ దుప్పటి పిండి గడప తుడుస్తాడు. నేను ఎండను చాటతో ఎత్తి దాని మీద పోస్తాను. ఎంత పోసినా చెక్క తడి ఆరడం లేదు. ఇంకాసేపట్లో ఇద్దరం చెరో వైపు డ్యూటీకి పోతాం, ఈ పులుసు గిన్నె ఇలాగే ఉండిపోతుంది అనుకుంటే నాకు ఏడుపొస్తోంది.

అప్పుడే అత్త మంగళవారంలోంచి తడిబట్టల బకెట్టు పట్టుకుని వస్తుంది. గడప దాటుతుంది. ఆదివారంలో బట్టలు ఆరేస్తుంది. మళ్ళీ మంగళవారంలోకి వెళ్ళి ఇంకో బకెట్టు తెస్తుంది. ఆవిడ కాలికి బూటు రాదు. చేతిలో ఫోను మోగదు. పొద్దున్నుంచీ ఇలా ఎన్నిసార్లు తిరిగిందో, మేమిద్దరం చూస్తూనే ఉన్నాం గానీ చూడలేదు.

"అత్తా, నీకేం అవడం లేదేటి?" అని అడుగుతాను.

అత్త ఒక జాకెట్టు దులిపి తీగ మీద వేస్తుంది.

"నాకే వారమైతే ఏటమ్మా? ఏ వారం నన్ను సెలవని కూకోబెట్టింది గనక," అంటుంది. కోపంగా కాదు. బియ్యం డబ్బా ఎక్కడుందో చెప్పినట్టు చెబుతుంది.

బావ తల దించుకుని కంచంలోకి చూస్తాడు. నాకు సిగ్గేస్తుంది. ఏడ్చేది ఎందుకో ఒక్క నిమిషం మర్చిపోతాను. తర్వాత ఇద్దరం ఒకేసారి తల ఎత్తుతాం. నిండిన పెట్టె మూత పడకపోతే దాని మీద ఎవరో ఒకరు కూర్చోవాలి, ఉబ్బే సోమవారమూ అంతే. మేం కూర్చుంటే సోమవారం మమ్మల్ని పనికి లాక్కుపోతుంది. ఏ వారమూ అంటని మనిషి ఇంట్లో ఒక్కతే ఉంది.

"అమ్మా, నువ్వొచ్చి కూకో," అంటాడు బావ.

"గడప మీదా? తప్పు నాయనా."

"గడప మీద కాదే. సోమవారం మీద."

అత్త బకెట్టు కింద పెట్టి ఆలోచిస్తుంది.

"సోమవారం మీద కూకోకూడదని మాయమ్మ చెప్పనేదు," అంటుంది. చేతులు కొంగుకు తుడుచుకుని కూర్చుంటుంది.

సోమవారం ఒక్కసారి మూలుగుతుంది. ఫోన్లు ఆగిపోతాయి. సైరన్ పిల్లి కూతంత అయి, అదీ ఆగిపోతుంది. అత్త ముఖం మీద ఎండ, వీపు మీద వాన. ఆవిడ కాసేపు ఇబ్బందిగా నడుం నిటారుగా పెట్టి, తర్వాత నెమ్మదిగా వదులు చేస్తుంది. ఆవిడ కూర్చుంటే ఇంత చిన్నగా ఉంటుందని నాకు తెలియదు.

వీధి తలుపు దగ్గర సన్నాయి వినిపిస్తుంది. పెళ్ళివారు. పెళ్ళికొడుకు కుక్క, పెళ్ళికూతురు నక్క. చిన్నప్పుడు ఎండా వానా కలిసి వస్తే వీధిలో గెంతుతూ వీళ్ళ పెళ్ళి గురించే అరిచేవాళ్ళం. అందుకే కొత్తగా అనిపించదు, బంధువుల్లాగే ఉన్నారు. ఎండా వానా కలిసిన చోటు కోసం ఊరంతా తిరుగుతున్నామనీ, చెప్పిన పల్లకీ రాలేదనీ పెళ్ళికూతురు మర్యాదగా చెబుతుంది. పెద్దావిడ కూర్చున్న పల్లకీ తమకు చాలంటుంది.

అత్త వంటింటి వైపు చూస్తుంది. అన్నం గిన్నె మూత కదులుతోంది. లేవబోయి, నా వైపు చూస్తుంది.

"నేను చూసుకుంటాన్లే అత్తా. మళ్ళీ ఎప్పుడొస్తావు?"

అత్తకు ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ వేసినట్టు లేదు.

"సెలవైపోనాక వస్తాను," అంటుంది.

పెళ్ళివారు గడపను మేకులతో సహా ఊడబెరికి భుజాల మీదికి ఎత్తుకుంటారు. ముందు అత్త, వెనక వధూవరులు. సోమవారం వీధిలోకి వెళ్ళిపోతుంది. అది ఉన్నచోట గచ్చు మీద ఆదివారమూ మంగళవారమూ అంచులు కలుపుకుంటాయి. బావ కంచం పట్టుకుని ఇటు వస్తాడు. ఉత్త కాళ్ళతోనే. ఇద్దరం కిటికీ దగ్గర ఒకే పీట మీద సర్దుకుని కూర్చుంటాం. పులుసు ఇప్పుడు ఇద్దరికీ ఒకే రుచిగా ఉంది.

బయట, అత్త వెంట వెళ్ళిన వానకు సోమవారం ఇంకా ఉబ్బుతోంది. మంచమంత, పడవంత, చివరికి రోడ్డంత. క్యారేజీలు పట్టుకుని డ్యూటీకి బయల్దేరినవాళ్ళు అడుగు పెట్టిన చోటల్లా అదే ఉంది, మరో దారి లేక దాని మీదే చతికిలబడుతున్నారు. ఒకళ్ళ క్యారేజీ ఇంకొకళ్ళు విప్పుతున్నారు. ఊరు మొత్తం కూర్చుని సముద్రం వైపు మెల్లగా సాగిపోతోంది.

అందరికంటే ముందు, అంచు మీద, మా అత్త కాళ్ళు ఊపుతోంది. కుడికాలు ముందుకు వస్తే విశాఖపట్నం అంతా ఎండ. ఎడమకాలు ముందుకు వస్తే వాన.