తొంభైతొమ్మిదో అంకె

దేశమంతటా అడిగిన ప్రశ్న ఒక్కటే: "మీ ఆరోగ్యం గురించి మీకు తెలియాల్సినదీ, ఎవరూ చెప్పనిదీ ఏమిటి?" జవాబు ఎవరిది వాళ్ళే చీటీ మీద రాయాలి. ఆ చీటీలు మా గదికొస్తాయి. నేను చదివి మూలన ఎర్ర సిరాతో అంకె వేస్తాను. షుగరుకి ఒకటి, బీపీకి రెండు, గుండెకి మూడు, అలా ముప్పై దాకా. ఎందులోనూ ఇమడనిదానికి తొంభైతొమ్మిది, అంటే ఇతరములు. రోజుకి నాలుగు వందల చీటీలు లాగించేదాన్ని. అబద్ధమెందుకు, నా అంత వేగం ఎవరికీ లేదని తెగ మిడిసిపడేదాన్ని.

చీటీ మీద పేరుండదు. పేట నంబరు వెనకవైపు ఉంటుంది. మేం తిప్పి చూడకూడదు, చూస్తే పక్షపాతమట!

"వేలికొసలు తిమ్మిరెక్కుతున్నాయి, ఎందుకు?" అన్న చీటీ మొదటిసారి వచ్చినప్పుడు తొంభైతొమ్మిది వేసి పెట్టెలో పడేశాను. పదోదానికీ అంతే. "వీళ్ళకేం పనిలేదా, వేళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు" అని పక్క బల్ల ఆవిడతో నవ్వాను కూడా. నా నోరు పడిపోను!

ఈ సోమవారం ఇంకొకటి వచ్చింది. "మా పాప పెన్సిలు పట్టుకోలేకపోతోంది. కుళాయి నీళ్ళు ఇనుము రుచి వస్తున్నాయి. ఎవర్ని అడగాలి?"

పాత తిమ్మిరి చీటీలు గుర్తొచ్చాయి. ఇతరముల పెట్టె దించి, తిమ్మిరి మాట ఉన్నవన్నీ ఏరి, వెనక్కి తిప్పాను. అరవై మూడు చీటీలు. అన్నిటి మీదా పదిహేడో పేటే. నా చెల్లెలు ఉండేది అక్కడే. దానికిప్పుడు ఏడో నెల.

చీటీలు పట్టుకుని మా అధికారి గదిలోకి పరిగెత్తాను.

"నూటికి ఒక్కరు కూడా లేరమ్మా. అంత తక్కువైతే నివేదికలో వెయ్యం. నీకు తెలీనిదా?"

"దేశం మొత్తంలో లేరు సార్! ఆ పేటలో ఇంటికొకరున్నారు!"

"అంటే చీటీలు తిప్పావన్నమాట" అన్నాడాయన. నీళ్ళ మాటే ఎత్తలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. కొలువు పోతే పోయిందని చీటీలు సంచిలో కుక్కుకుని బయటపడ్డాను.

చెల్లెలు తలుపు తీసి, నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెచ్చింది. అందించబోతుంటే గ్లాసు దాని చేతిలోంచి జారి భళ్ళుమంది.

"ఎన్నాళ్ళ నుంచే ఇలా?" అన్నాను.

"మూణ్ణెల్లయింది. వేళ్ళు మాట వినట్లేదక్కా. కంగారుపడకు, మీ సర్వే వాళ్ళొస్తే అంతా రాసిచ్చాగా. మా అక్క చూస్తుందిలే అని ధైర్యంగా ఉన్నా."

సంచిలోంచి చీటీలు తీశాను. పదకొండోది దాని రాత. ఆ అక్షరాలు పలక మీద దిద్దించింది నేనే. మూలన ఎర్రగా తొంభైతొమ్మిది.

"నీకు చేరలేదా అక్కా?"

"చేరిందే" అన్నాను.