పడడం నేర్చుకున్న పిల్ల

కాజీపేట రైల్వే క్వార్టర్లలో తెల్లవారిందంటే ముందు నల్లా దగ్గర బిందెల చప్పుడు, ఆ వెంటనే చిలుకమ్మ ఇంట్లో గోడకు కాళ్ళు తగిలే చప్పుడు. రైలు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ సారయ్య బిడ్డలిద్దరూ, నిర్మలా అనసూయా, ముఖమన్నా కడుక్కోకుండా చేతుల మీద నిలబడేవాళ్ళు. తలకిందులుగానే తల్లిని చాయ్ అడిగేవాళ్ళు. పక్కింటి మొగిలమ్మ ఆ చప్పుడుకే లేచి పొయ్యి ముట్టించేది. ఏ రోజైనా చప్పుడు వినపడకపోతే పిల్లలకు జ్వరమొచ్చిందేమోనని వచ్చి చూసి పోయేది.

ఒకనాటి పొద్దున చిలుకమ్మ రొట్టె చేస్తూ చేస్తూ ఆగిపోయింది. ఎడమ మోచేయి పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"అనసూయా, మోచెయ్యి గీరుకపోయినట్టున్నది, సూస్కో. గోడకు నెత్తురు అంటియ్యకు," అంది ముందుగది వైపు తిరిగి.

అనసూయ చూసుకుంది. నిజంగానే చర్మం లేచిపోయి ఉంది. ఆ పిల్లకు మాత్రం ఏమీ తెలియలేదు. పావడా అంచుతో అద్దుకుని మళ్ళీ చేతుల మీద లేచింది. చిలుకమ్మ పళ్ళు బిగబట్టి పెనం మీద రొట్టె తిప్పింది.

ఆ ఇంట్లో అంతే. ఆ కప్పు కింద పిల్లలకు దెబ్బ తగిలితే గాయం పిల్లలది, నొప్పి చిలుకమ్మది. బడిలోనో గల్లీలోనో పడితే ఎవరి నొప్పి వాళ్ళదే. కానీ ఏడ్చుకుంటూ ఇంటికొచ్చి గడప లోపల కాలు పెట్టగానే పిల్లల ఏడుపు ఆగిపోయేది, చిలుకమ్మ ఎక్కడున్నా అక్కడే కూలబడేది. పెద్దది ఏడాది పిల్లగా మంచం మీద నుంచి పడ్డ రోజు మొదలు ఇదే వరస. పెద్దదాని నొప్పి మెల్లగా పాకుతూ వచ్చేది, చిన్నదానిది చురుక్కుమనేది. అందుకని ఎవరు పడ్డారో ఆమె వంటింట్లో కూర్చునే చెప్పేది.

రైల్వే దవాఖానలో కాంపౌండరుకు కూడా ఇది అలవాటైపోయింది. పట్టీ పిల్లకు కట్టి, నొప్పి గోలీలు తల్లి చేతిలో పెట్టేవాడు. ఒకే చీటీ మీద ఇద్దరికి మందులు ఎట్లా ఇవ్వాలని మాత్రం అప్పుడప్పుడూ విసుక్కునేవాడు.

పిల్లలకు ఈ పిచ్చి డెబ్బై తొమ్మిదిలో పట్టింది. ఆ ఏడు జనవరి ఇరవై ఆరున బడిలో డ్రిల్లు మాస్టారు కిషన్ రావు పిల్లలను ఒకరి భుజాల మీద ఒకరిని నిలబెట్టాడు, పల్టీలు కొట్టించాడు. నిర్మలకు అప్పుడు పదేళ్ళు, అనసూయకు ఏడు. ఆ సాయంత్రం నుంచి ఆ ఇంట్లో పిల్లలు నడవడం మానేశారు. వంటింటి నుంచి ముందుగదికి చక్రాల్లా దొర్లుతూ వచ్చేవాళ్ళు. ఎక్కాలు చెప్పమంటే వెనక్కి విల్లులా వంగి చెప్పేవాళ్ళు. సారయ్య చూసి చూసి మురిసిపోయాడు. యార్డులో పనికిరాదని పడేసిన, పట్టాల కింద వేసే స్లీపర్ చెక్కను అడిగి తెచ్చి, నాలుగు వేళ్ళ వెడల్పుకు కోయించి, నున్నగా చిత్రిక పట్టించి, ఇటుకల మీద ముందుగదిలో అడ్డంగా పెట్టాడు. పిల్లలు దాన్ని బీము అనేవాళ్ళు. చుట్టాలొస్తే కూర్చోవడానికి కూడా అదే. నాలుగు వేళ్ళ వెడల్పు మీద మనిషి ఎంతసేపని కూర్చుంటాడు, తొందరగానే లేచి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ చెక్క వల్ల చిలుకమ్మకు జరిగిన మేలు అదొక్కటే.

మిగిలిందంతా ఆమె ఒంటి మీదికే వచ్చేది. మూడేళ్ళలో చీలమండ బెణకని నెల లేదు. ఒకసారి చారు పోపు పెడుతూ పెడుతూ మణికట్టు పట్టుకుని కూర్చుండిపోతే, చారు మాడి ఇల్లంతా పొగ. అయినా ఏనాడూ పిల్లలను వద్దనలేదు.

"జర బెదిరియ్యరాదు వదినె? ఆట వాళ్ళదాయె, యాతన నీదాయె," అనేది మొగిలమ్మ.

"నేనెన్నడన్న ఎగిరిన్నా మొగిలీ? వాళ్ళనన్న ఎగరనీ. నాదేమున్నది, గోలీ ఏస్కుంట."

చిలుకమ్మది డోర్నకల్ దగ్గరి పల్లె. మిరప తోటల్లో వంగి వంగి కాయ కోసి పెరిగిన మనిషి. బిడ్డ రెండు కాళ్ళూ నేలకు తాకకుండా గాలిలో తిరుగుతుంటే ఆమెకు చూసినకొద్దీ చూడాలనిపించేది. పిల్లలంటే అంత ప్రేమ, కాబట్టే ఒక పొరపాటు ఆమె కంట పడలేదు.

నిర్మలకు పదమూడేళ్ళు వచ్చాక కిషన్ రావు ఆ పిల్లను సాయంత్రాలు రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలుకు రమ్మన్నాడు. అక్కడ పరుపులున్నాయి, ఇనుప కడ్డీలున్నాయి, ఇంకో పది మంది పిల్లలున్నారు. మొదటి రెండు రోజులు నిర్మలను చూసి అందరూ నోరు తెరిచారు. మూడో రోజు కడ్డీ మీద నుంచి చెయ్యి జారి పడింది. అప్పటిదాకా ఆ పిల్ల ఎగిరిందంతా ఇంట్లోనే, ఆటలో పడడమంటే పై నుంచి కిందికి రావడమే. ఆ రోజు మోకాలు నేలకు కొట్టుకుని ఒళ్ళంతా మండిపోయేసరికి ఓర్చుకోలేక కెవ్వుమంది. మాస్టారు పిలుస్తున్నా ఆగకుండా, హాలు నుంచి క్వార్టర్ల దాకా కుంటుకుంటూ పరిగెత్తుకొచ్చి గడప దాటింది. చాటలో బియ్యం చెరుగుతున్న చిలుకమ్మ చాటతో సహా పక్కకు ఒరిగిపోయింది.

"అక్కడ మస్తు నొస్తాందమ్మా. నేను పోను," అంది నిర్మల ఊపిరి పీల్చుకుని. వెంటనే బీము ఎక్కింది.

వారం తర్వాత కిషన్ రావే ఇంటికొచ్చాడు. బీము మీద కూర్చోలేక నిలబడే చాయ్ తాగాడు. నిర్మలను వెనక్కి పల్టీ కొట్టమన్నాడు. నిర్మల కొట్టింది, కాలు తప్పింది, బీము అంచుకు తుంటి తగిలి బియ్యం బస్తాలా నేల మీద పడింది. నవ్వుకుంటూ లేచింది. వంటింట్లో గ్లాసు కింద పడ్డ చప్పుడయింది. కాసేపటికి చిలుకమ్మ గోడ పట్టుకుని బయటికొచ్చింది.

"చిలుకమ్మా, నా సర్వీసుల గిసొంటి పిల్లను సూడలే," అన్నాడు కిషన్ రావు. "ఏది చెప్తే అది చేస్తది. గని పడుడు రాదు."

"పడుడు గూడ నేర్సుకోవాల్నా సారూ?"

"ముందుగాల నేర్సుకునేదే అది. కింద పడంగనే తల లోపటికి గుంజుకోని, ఒళ్ళు గుండ్రంగ చేస్కోని దొర్లాలె. తతిమ్మ పిల్లలకు నేను సగమే చెప్పిన, సగం నొప్పి చెప్పింది. నీ బిడ్డకు ఎవలు చెప్తరు? కట్టె పడ్డట్టు పడుతాంది. గిట్లనే పడితె ఒకనాడు మెడ పోతది."

చిలుకమ్మ తుంటి ఒత్తుకుంది.

"రెండు నెలల్ల హైదరాబాద్‌ల జిమ్నాస్టిక్స్ సెలక్షన్లున్నయి. సెలక్టయితె హాస్టల్‌ల పెట్టి, తిండి పెట్టి, చదువు గూడ చెప్తరు. రేపు రైల్వేల నౌకరీ వస్తది. గని ఈ పిల్లను గిట్ల తోలియ్య. దాని నొప్పి దానికి రానియ్యాలె."

"నేను పట్టుకున్ననా సారూ, ఇడిసిపెట్టనీకి?" అంది చిలుకమ్మ.  ఆయన చాయ్ గ్లాసు కిటికీలో పెట్టి వెళ్ళిపోయాడు.

రెండు రోజులు చిలుకమ్మ బీము వైపే చూస్తూ పని చేసుకుంది. మూడో రోజు మధ్యాహ్నం మొగిలమ్మను పిలిచి ఇద్దరూ కలిసి బీమును వాకిట్లోకి ఈడ్చారు. పక్కన బొంత పరిచి నిర్మలను బయటికి పిలిచింది.

"ఇయ్యాల్టి సంది బయటనే ఆడాలె. పడితె, నొప్పి తగ్గిందంక లోపటికి రావొద్దు."

"నేనేం జేసిన అమ్మా?"

"ఏం జెయ్యలే. ఎక్కు."

లోపలికి పోయి గడియ పెట్టుకుంది. నిర్మల చాలాసేపు బీము పక్కన అలిగి కూర్చుంది. తర్వాత ఎక్కింది. పడింది. ఆ పడడం ఎట్లా పడిందో చిలుకమ్మకు తెలియదు, కేక ఒక్కటే వినపడింది. తర్వాత తలుపు మీద దెబ్బలు. "అమ్మా, తియ్యే. జరసేపే, వచ్చి పోత. తియ్యే అమ్మా."

చిలుకమ్మ తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ఒంట్లో ఎక్కడా ఏమీ లేదు. బిడ్డ ఏడుస్తుంటే తన ఒళ్ళు ఖాళీగా ఉండడం ఆమెకు అదే మొదటిసారి. నొప్పి ఉంటే ఓర్చుకోవడం ఆమెకు తెలుసు. లేకపోతే ఎట్లా ఓర్చుకోవాలో తెలియలేదు. అనసూయ గడియ తీయబోతే చెయ్యి మీద ఒక్కటి వేసింది, ఆ దెబ్బ మంట తన చేతికే వచ్చింది.

క్వార్టర్ల ఆడవాళ్ళందరూ పోగయ్యారు. తల్లివా రాక్షసివా అన్నారు. బీము ఈడ్చడానికి చెయ్యి వేసిన మొగిలమ్మే అందరికన్నా ఎక్కువ తిట్టింది. డ్యూటీ దిగి వచ్చిన సారయ్య తలుపు మీద ఒక తన్ను తన్ని, లోపలి నుంచి భార్య చెప్పిందంతా విని, మెత్తబడ్డాడు. నల్లా దగ్గర చెంబు నింపుకొచ్చి బిడ్డకు నీళ్ళు తాగించి వాకిట్లో దాని పక్కన కూర్చున్నాడు.

అట్లా ఎనిమిది రోజులు. తొమ్మిదో రోజు సాయంత్రం బయట పడ్డ చప్పుడు వేరుగా వినిపించింది. దబ్బుమనలేదు. దిండు దొర్లినట్టు దొర్లింది. చిలుకమ్మ కేక కోసం ఎదురు చూసింది. కేక రాలేదు. బీము మీద మళ్ళీ కాలు పెట్టిన చప్పుడు వచ్చింది.

నిర్మల హైదరాబాద్‌లో సెలక్టయింది. హాస్టల్లో చేరింది. నెలకో కార్డు రాసేది, "నేను బాగున్న. మీరు బాగున్నరని తలుస్త" అని. అనసూయ కూడా వాకిట్లోనే ఆడడం నేర్చుకుంది. చిలుకమ్మ ఒళ్ళు హాయిగా ఉంది, నీ కష్టం తీరిందని అందరూ అన్నారు. ఆమెకు మాత్రం అట్లా అనిపించలేదు. ఒకప్పుడు బిడ్డ గోరు చిట్లినా తనకు ముందు తెలిసేది. ఇప్పుడు కార్డులో ఎంత రాస్తే అంతే. అప్పుడప్పుడూ తన మోకాళ్ళు తానే ఒత్తి చూసుకునేది.

ఎనభై నాలుగు ఫిబ్రవరిలో నిర్మల ఒక్కపూట సెలవు మీద వచ్చింది. పది రోజుల్లో ఢిల్లీలో పెద్ద పోటీలు. సాయంత్రం నాలుగింటి బండికి తిరిగి హైదరాబాద్ పోవాలి. పొడుగ్గా అయింది, చెంపలు లోపలికి పోయాయి. వచ్చీ రాగానే వాకిట్లో చాప వేయించుకుని కూర్చుంది.

"లోపటికి రా బిడ్డా."

"ఇక్కడ గాలి మంచిగున్నదమ్మా."

చాయ్ వాకిట్లోనే తాగింది. అన్నం వాకిట్లోనే తిన్నది. ఎండ మీదికి వస్తే చాప జరుపుకుంది కానీ లేవలేదు. కుడికాలు చాపి, దాని మీద తువ్వాల కప్పుకుని, అనసూయతో ఏవో నవ్వుతూ చెప్తోంది. చిలుకమ్మ ఎంగిలి కంచం తీయడానికి వంగి ఆ కాలు చూసింది. తర్వాత ముఖం చూసింది.

"కాలుకేమైంది?"

"ఏం గాలే."

"అయితె లోపటికి రా."

నిర్మల నవ్వు ఆగిపోయింది. "వద్దమ్మా. నువ్వోర్వలేవు."

చిలుకమ్మ కంచం కింద పెట్టింది. పసిపిల్లప్పుడు ఎత్తుకున్నట్టు రెండు చంకల కింద చేతులు వేసి లేపింది. పదిహేనేళ్ళ పిల్ల, బలమున్న పిల్ల, పెనుగులాడింది. కానీ ఒంటికాలి మీద ఎంత పెనుగులాడుతుంది. ఇద్దరూ తూలుతూ గడప దాటి లోపల పడ్డారు.

పద్నాలుగేళ్ళు నొప్పులు మోసిన మనిషి చిలుకమ్మ. బెణుకేదో, చీరుకుపోయిందేదో, ఎముక పగిలిందేదో బియ్యం కొట్టువాడు గింజను పట్టి చూసినట్టు చెప్పగలదు. ఇది అందులో ఏదీ కాదు. మోకాలి లోపల ఏదో తెగిపోయి, తెగిన దాని మీదే నెలలకు నెలలు ఎగిరి ఎగిరి దిగినట్టుంది. 

"ఎన్నాళ్ళ సంది?"

"దసరా సంది."

"సార్లకు చెప్పినవా?"

"ఎవ్వలకు చెప్పలే. చెప్తె టీంల నుంచి తీసేస్తరు."

"నాకు గూడ చెప్పవా? ఇంటికి రావా?"

"నువ్వే గదనే, నొప్పి తగ్గిందంక లోపటికి రావొద్దంటివి," అంది నిర్మల. "తగ్గలే."

చిలుకమ్మకు ఏడుపు ఒక్కసారిగా పొంగుకొచ్చింది. బిడ్డ తల రొమ్ముకు అదుముకుంది. పడడం నేర్పడానికి బయట పెడితే ఈ పిల్ల దాచుకోవడం నేర్చుకుంది. ఎవరిది తప్పు అని అడగడానికి ఇంట్లో ఇంకెవరున్నారు.

నిర్మలకు నాలుగు నెలల తర్వాత ఒంట్లో నొప్పి లేకుండా పోయింది. భుజాలు దిగాయి, కళ్ళు వాటంతట అవే మూతపడ్డాయి. "మూడున్నరకు లేపమ్మా, బండి తప్పుతది," అని గొణిగి, తల్లి చేతుల్లో నుంచి జారి నేల మీదికి ఒరిగి నిద్రపోయింది. హాస్టల్లో ఏ రాత్రీ అట్లా నిద్రపోయి ఉండదు.

చిలుకమ్మ పక్కనే గోడకు ఆనుకుని కూర్చుంది. కాలు చాపలేదు, ముడవలేదు. చెమటకు రవిక తడిసిపోయింది. మూడున్నర అయింది. అనసూయ వచ్చి నిలబడింది.

"అక్కను లేపాల్నా?"

"లేపకు."

స్టేషన్ వైపు నుంచి బండి వచ్చిన చప్పుడు, కాసేపు ఆగిన చప్పుడు, కూత, చక్రాలు కదిలిన చప్పుడు అన్నీ వినిపించాయి. చిలుకమ్మ అన్నీ విని కూర్చుంది. బిడ్డను బండెక్కించాలని ప్లాట్‌ఫారం మీద ఎదురు చూసిన సారయ్య గాభరాగా ఇంటికొచ్చాడు.

"బండి పాయె. పిల్లేది?"

"పండుకున్నది. మెల్లగ మాట్లాడు."

"ఢిల్లీ ఆట ఉండె గదనే. గిన్నేండ్ల కష్టం."

"పోదు. ఆ కాలుతోని ఇంకొక్కసారి దుంకితె మళ్ళ నడువది. నాకు తెలుస్తాంది. రేపు దవాఖానకు తీస్కపోదాం," అంది చిలుకమ్మ. "లేచినంక నన్ను తిడతది. శాన రోజులు తిడతది. తిట్టనీ."

సారయ్య నేల మీది పిల్లను చూశాడు, గోడకు ఆనుకున్న భార్యను చూశాడు. చెప్పులు బయట విడిచి వచ్చి కూర్చున్నాడు. నిర్మల నిద్రలో పక్కకు ఒత్తిగిలి కుడికాలు దగ్గరికి ముడుచుకుంది. పిల్ల ఎక్కడ లేస్తుందోనని చిలుకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.