ఇక్కడ ఏ చెయ్యి?

"అమ్మా, ఇక్కడ ఏ చెయ్యి?" అంది మా మూడేళ్ళది, బడి గుమ్మంలో చెప్పులు విప్పుతూ.

ఒక భుజానికి దాని సంచీ, ఇంకో భుజానికి నా ఆఫీసు బ్యాగు, పళ్ళ మధ్య దాని జడకి పెట్టాల్సిన క్లిప్పు. మొదట నాకు అర్థం కాలేదు. అది రెండు చేతులూ నా ముందుకి చాపింది. "బడిలో ఇదేగా?" అని ఎడమ చెయ్యి ఊపింది. "పిన్ని ఇంట్లో ఇది కాదు. నానమ్మ దగ్గరా కాదు." మూడేళ్ళ పిల్లకి ఇన్ని రాజ్యాంగాలా! ఒళ్ళు మండింది.

పొద్దున ఈ పసిపిల్లల బడి. మధ్యాహ్నం దాటాక పక్కవీధిలో పిల్లల్ని చూసుకునే పిన్ని. బడి లేని రోజు ఇంట్లో మా అత్తగారు. ముగ్గురి మధ్యా కబుర్లు మోసేదాన్ని నేను. పిన్ని దగ్గర నిద్రపోలేదని బడికి చెప్పాలి, బడిలో నేర్పిన పాట అత్తగారికి చెప్పాలి. తపాలా బంట్రోతుకైనా ఆదివారం సెలవుంటుంది. "తల్లివి, నీకు కాక ఎవరికి చెప్తారు?" అంటారు మా ఆయన. ఆయనకి టీచరు ముఖమైనా తెలీదు.

పిల్లది ఎడమచేతి వాటం. దాని మానాన దాన్ని వదిలెయ్యమంటుంది టీచరు. నలుగురిలో తలవంపులంటారు అత్తగారు.

"ఈ మధ్య రంగు పెన్సిలే ముట్టుకోవడం లేదండీ," అంది టీచరు ఆ పొద్దున. "పిల్లలు రెండు మూడు చోట్ల పెరుగుతుంటే అందరూ ఒకే దారిలో నేర్పాలని మాకు నియమం ఉంది. ఎక్కువసేపు మా దగ్గరే ఉంటుంది కాబట్టి పూనుకోవాల్సింది మేమే. మీరు కాస్త వాళ్ళకి చెప్పండి."

మళ్ళీ నేనే! "పూనుకోవాల్సింది మీరైతే చెప్పాల్సిందీ మీరేగా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆఫీసులో మేనేజరు "మీరసలు నోరు విప్పరేంటండీ?" అంటాడు. ఇంట్లో "దీనికి నోరెక్కువ" అంటారు. గుమ్మానికో నోరు పెట్టుకుని తిరిగేదాన్ని. గుమ్మానికో చెయ్యి ఉండాలని నా కూతురు ఎవర్ని చూసి నేర్చుకుందో తెలిసి సిగ్గేసింది.

టీచరే అందరికీ ఫోన్లు చేసి శనివారం రమ్మంది. ఉన్నవన్నీ పిల్లల కుర్చీలే. మా ఆయన మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. అత్తగారు కూర్చోనన్నారు.

"నాకు ఏ చెయ్యైతే ఏంటమ్మా," అంది పిన్ని నేలచూపులు చూస్తూ. "పెద్దావిడే ఫోన్ చేసి ఎడమచేతికి రుమాలు కట్టి ఉంచమన్నారు. పిల్ల ఏడ్చినా కట్టాను."

రుమాలు! సాయంత్రాలు దాని మణికట్టు మీద ఎర్రటి గీత చూసి, రబ్బరు బ్యాండుతో ఆడుకుందనుకున్నాను.

"ఆడపిల్ల. రేపు అందరూ నవ్వితే?" అన్నారు అత్తగారు, ఏమాత్రం తడబడకుండా.

మా ఆయన నా వైపు వంగి గొంతు తగ్గించారు. "ఇంట్లో తేల్చుకోవాల్సినదాన్ని వీధిన పెట్టావు. అమ్మకి ముందే నచ్చజెప్పుకోవచ్చుగా?"

"మీ అమ్మకి నచ్చజెప్పడం కూడా నా పనేనా?" నేను గొంతు తగ్గించలేదు. "నా పిల్ల చేతికి ఇంకెవరూ గుడ్డ కట్టరు. మీ అమ్మ కడతానంటే బడి లేని రోజు మీరు సెలవు పెట్టి చూసుకోండి. టీచరుగారూ, ఇకమీదట ఏ కబురున్నా ముందు వీళ్ళ నాన్నకి చెప్పండి."

"నాకా? నాకేం తెలుసు?"

"నాకు మాత్రం పుట్టగానే తెలుసా? నేర్చుకున్నాను."

పిన్ని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మా ఆయన కుర్చీలోంచి లేవబోతే కుర్చీ కూడా ఆయనతోపాటే లేచింది.

పిల్లని తీసుకుని ఇంటికొచ్చాం. గుమ్మంలో అది ఆగిపోయింది. నా వెనకే మా ఆయన, ఆయన వెనక అత్తగారు.

"అమ్మా, ఇక్కడ ఏ చెయ్యి?"

"నీకు ఏది వస్తే అది. ఇక్కడైనా, ఎక్కడైనా."

అది ఎడమ చెయ్యి తలుపు మీద వేసి, తొయ్యకుండా, నా వెనక్కి తొంగి చూసింది.

"నానమ్మ ఒప్పుకుందా?"

"నేను అడగలేదు," అన్నాను.