తలుపుకు చెప్పాల్సిన మాట

బాలామణికి యాభై రెండేళ్ళు. పొద్దున్నే లేచి, నిన్నటి జడ విప్పకుండానే, బియ్యం కడగడం ఆమె అలవాటు. కడిగిన బియ్యం పొయ్యి మీద పెట్టి, గ్యాస్ వెలిగించి, గిన్నె వైపు చూసి "ఉడుకు" అనేది. అప్పుడు ఉడికేది. అనకపోతే మంట ఎంత పెంచినా నీళ్ళు నీళ్ళలాగే, బియ్యం బియ్యంలాగే ఉండేవి.

అన్నం ఒక్కటే కాదు. బర్మాలో, అహ్లోన్ పేటలో నది వైపు వీధిలో, మూడో అంతస్తులో ఉన్న ఆ ఇంట్లో ఆమె చెప్పకుండా ఏదీ జరగదు. కుళాయికి చెప్పాలి. తడిబట్టలకు ఆరమని చెప్పాలి. పోయిన కరెంటు తిరిగొచ్చినప్పుడు పిల్లలు బర్మా భాషలో "మీ లాబ్యీ!" అని వీధంతా అరుస్తారు, ఎదురు మేడల్లో లైట్లు వెలుగుతాయి. వీళ్ళింట్లో మాత్రం బాలామణి స్నానాల గదిలోంచి బయటికొచ్చి "ఊఁ, వెలుగు" అనేదాకా చీకటే.

ఇందులో ఎవరికీ వింత కనిపించలేదు. కొన్ని ఇళ్ళకు చెదలుంటాయి, కొన్ని ఇళ్ళు ఇలా ఉంటాయి. కింద మొహింగా నూడుల్స్ అమ్మే ఆవిడ, డా ఖిన్ మ్య, బాలామణికి జ్వరమని తెలిస్తే, బాల్కనీ నుంచి వేలాడే తాడుకు అన్నం పొట్లాలు కట్టి గంట లాగేది. మొగుడు మోహనకృష్ణ ఆ తాడు పైకి లాక్కుని తినేవాడు. జ్వరం మనిషి తిన్నదో లేదో డా ఖిన్ మ్యే కేకేసి అడగాలి.

మోహనకృష్ణ సేక్కాన్ రేవులో సరుకు ఎగుమతి చేసే ఆఫీసులో గుమాస్తా. పెళ్ళయినప్పటి నుంచి ఒక్క కప్పు టీ కాచి ఎరగడు. టీ దుకాణంలో కూర్చుని మాత్రం, "ఇల్లంతా గుప్పిట్లో పెట్టుకుందిరా బాబూ, మనం మాటాడ్డానికి నేదు" అని స్నేహితుల దగ్గర వాపోతాడు. వాళ్ళు పాపమని అతనికి సమోసా ఇప్పిస్తారు.

జయ వాళ్ళ ఒక్కతే కూతురు. ఇరవై నాలుగేళ్ళు. ఆఫీసు బస్సు కింద హారన్ కొడుతుంటే రోజూ తలుపు దగ్గర నిలబడేది.

"అమ్మా."

"ఫోను చార్జింగుందా?"

"ఉంది."

"ఫేస్‌బుక్కు తీసీసావా ఫోన్లోంచి? చెక్ పోస్టుకాడ చూస్తారట."

"నిన్నే తీసీసాను. బస్సెళ్ళిపోద్దమ్మా."

"ఎన్నింటికొస్తావ్? ఎవులితో?"

అన్నీ అయ్యాక బాలామణి "తెరుచుకో" అనేది. తలుపు తెరుచుకునేది. కూతురు మెట్లు దిగిన చప్పుడు ఆగేదాకా ఆమె అక్కడే నిలబడేది. గడప దాటాక ఆమె మాట వినేది ఒక్కటీ లేదు. బస్సు వినదు, రోడ్డు వినదు, రోడ్డు మీద తుపాకీ పట్టుకుని నిలబడే కుర్రాడు వినడు. సాయంత్రం జయ తిరిగొచ్చేదాకా బాలామణి ఉన్న వస్తువులకే మళ్ళీ మళ్ళీ చెబుతూ తిరిగేది. ఆరిన బట్టల్ని ఆరమనేది.

ఎండాకాలం చివర్లో జయకు సరిహద్దు అవతల చియాంగ్ మయిలో ఒక పళ్ళ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. ఇక్కడే ఉంటే ఏమవుతుందో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. సైన్యంలోకి పట్టుకెళ్ళడానికి వార్డులో ఆడపిల్లల పేర్లు కూడా రాసుకుంటారని పుకారుండేది. వెళ్ళడమే మంచిదని బాలామణికి తెలుసు. తెలిసిన సంగతి వేరు, నోట్లోంచి మాట రావడం వేరు. ఒకరోజు జయ, ఉత్తినే చూద్దామని, "అమ్మా, నేను ఎళ్ళే రోజు తలుపుకి చెప్తావు కదా?" అంది. బాలామణి నోరు తెరిచింది. మాట రాలేదు. ఒలిచేసిన గోంగూర కాడల్నే మళ్ళీ ఒలిచింది.

"నీకు కంట్రోల్ ప్రాబ్లెమ్ అమ్మా," అంది జయ. తిట్టినట్టు కాదు, థర్మామీటరు చూసి చెప్పినట్టు.

"ఏటే అది?"

"మందుల్లేవు. మాట్లాడాలి. ఫోన్లో డాక్టర్లు ఉంటారు."

మొదట బర్మా భాషలో మాట్లాడే ఒకావిడ దొరికింది. మంచి మనిషే. కానీ బాలామణి బర్మీస్‌లో బేరమాడగలదు, పోట్లాడగలదు, భయపడటం మాత్రం చేతకాదు. ఆమె భయమంతా తెలుగులోనే ఉంది. అప్పుడు జయ వెతికి వెతికి, విశాఖపట్నంలో రాధారాణి అనే ఆవిడను పట్టుకుంది. వి.పి.ఎన్. పెట్టి, కరెంటు ఉండే పూట చూసి, ఆవిడతో సమయం కుదిర్చింది.

మొదటి రోజు బాలామణి చీర మార్చుకుని కూర్చుంది. ఫోన్లో కళ్ళద్దాల మనిషి కనిపించగానే నమస్కారం పెట్టి, అక్కడ డాక్టరమ్మలను పిలిచినట్టే పిలుస్తూ, "నేను శనివారం పుట్టేను, సయామా," అంది.

"ఏమిటండీ?"

"ఏ వారం పుట్టేమో చెప్పాలి కదా. ఇక్కడ అలాగే అడుగుతారు."

రాధారాణి నవ్వి, కాగితం మీద ఆ సంగతి కూడా రాసుకుంది. ఇంట్లో ఏమేమి ఆమె మాట కోసం ఆగుతాయో అడిగింది. బాలామణి చెప్పింది. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"ఇటువైపు కూడా ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయండీ. మీరు చెప్పకపోతే ఏమవుతుందని భయం?"

"ఏటీ అవదు."

"మరి?"

"ఏటీ అవదు సయామా. అదే భయం. మా ఆయన చేతులు ముడుచుకుని కూర్చుంటాడు. అన్నం ఉడకదు, నీళ్ళు రావు. అందరికీ ఆకలేస్తాది. అప్పుడు నావైపు చూస్తారు."

గుమ్మంలో నిలబడి వింటున్న మోహనకృష్ణ, "అబద్ధం, నేనెప్పుడు చూసేను?" అన్నాడు.

"చూడండి, ఇప్పుడు కూడా చూస్తన్నాడు," అంది బాలామణి.

రెండోసారి రాధారాణి అత్తగారి గురించి అడిగింది. అత్తగారు మంగాయమ్మ. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఇల్లు ఆవిడ మాట వినేది. పోయాక, ఆవిడ గాజులు బాలామణి చేతికొచ్చినట్టే మాటా వచ్చింది.

"మీరు కొత్తకోడలుగా ఉన్నప్పుడు ఆ తలుపు మీకు తెరుచుకునేదా?"

బాలామణి తలుపు వైపు చూసింది. వీధిలో పాత సామాన్ల బండివాడు అరుస్తూ పోయాడు.

పెళ్ళికి ముందు ఆమె చౌక్తడాలో ఒక వకీలు ఆఫీసులో టైపిస్టు. వేగంగా కొట్టేది. పెళ్ళయ్యాక సెలవు ముగిసిన సోమవారం పొద్దున, తల దువ్వుకుని, క్యారియర్ పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్ళింది. తలుపు తెరుచుకోలేదు. అత్తగారు కుర్చీలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. బాలామణి అత్తగారి వైపు చూసింది. ఆవిడ గింజల వైపు చూసింది. వద్దని అనలేదు. అరవలేదు. పనేదో చేసుకుంటున్నట్టే ఉంది. ఎండ గోడ దిగేదాకా బాలామణి అలా నిలబడి, ఆ తరువాత క్యారియర్ వంటింట్లో పెట్టి, అందులో అన్నమే తినేసింది. మర్నాడు తలుపు దగ్గరికి వెళ్ళలేదు. ఉద్యోగం తనకే ఇష్టం లేక మానేశానని అందరికీ చెప్పింది. చెప్పగా చెప్పగా నిజమేనేమో అనిపించింది కూడా.

"మా అత్త చెడ్డమనిషి కాదు సయామా. తలుపుకి చెప్పలేదు, అంతే."

"ఇప్పుడు ఆ తలుపు దగ్గర ఎవరు నిలబడ్డారు?" అంది రాధారాణి.

బాలామణి ఫోను ఆపేసింది. నెట్టు పోయిందని జయతో చెప్పింది.

టికెట్టు వచ్చింది. గురువారం సాయంత్రం విమానం. నాలుగున్నరకల్లా ఇల్లు వదలాలి. చెక్ పోస్టులు దాటేసరికి ఎంతసేపవుతుందో ఎవరికీ తెలియదు. బాలామణికి అన్నం సయించడం మానేసింది. తలుపుకు చెప్పే ఘడియలో తన పక్కన ఎవరో ఒకరు ఉండాలి. మొగుడు ఉన్నా లేనట్టే. జయనే అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. అందుకని ఈసారి కూతురికి చెప్పకుండా తనే రాధారాణికి వాయిస్ మెసేజ్ పెట్టింది. "గురువారం నాలుక్కి రండి సయామా. తప్పకండి. మీరు నాతో ఉండగా చెప్తాను."

"సరేనండీ, నాలుగింటికి," అని జవాబొచ్చింది.

గురువారం నాలుగింటికి బాలామణి ఫోను గోడకు ఆనించి, దాని ముందు కూర్చుంది. తెరమీద తన మొహమే కనబడుతోంది. రాధారాణి లేదు. నాలుగూ పది. లేదు. లేచి వెళితే సరిగ్గా అప్పుడే వస్తుందేమోనని కదల్లేదు. కరెంటు పోతుందేమో. వి.పి.ఎన్. తెగిపోతుందేమో. ఆవిడకేమైనా అయిందేమో. రోడ్డు దాటుతూ ఏమైనా అయిందేమో.

వెనకాల జయ బ్యాగులు తలుపు దగ్గర పెట్టింది. కొత్త బర్మా లుంగీ కట్టుకుంది. "అమ్మా, టాక్సీ వచ్చీసింది."

"ఆగు. సయామా వస్తాది."

"ఆవిడెందుకు ఇప్పుడు?"

"ఆగమన్నాను కదా."

మోహనకృష్ణ పొయ్యి దగ్గరినుంచి, "ఏటే, అన్నానికి చెప్పలేదు. పిల్ల తినకుండా ఎళ్తాదేటి?" అన్నాడు. బియ్యం గిన్నెలో తెల్లగా, కదలకుండా ఉంది. బాలామణి దానికి చెప్పలేదు. ఒక్క మాట బయటికొస్తే రెండోది కూడా వచ్చేస్తుందేమోనని పళ్ళు బిగించి కూర్చుంది. కెటిల్ కదల్లేదు. ఫ్యాను తిరగలేదు. నుదుటి చెమట ఆరలేదు.

"నాలుగున్నర అయిపోనాది," అంది జయ. తలుపు పిడి పట్టుకుని లాగింది. అది గోడలో భాగంలా ఉంది. "అమ్మా, చెప్పు. ఒక్కసారి."

కింద టాక్సీవాడు హారన్ కొట్టాడు. డా ఖిన్ మ్య బాల్కనీ తాడు గంట లాగి, "జయా! కారు ఆగదట!" అని బర్మీస్‌లో అరిచింది. మోహనకృష్ణ ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, తలుపుతో "తెరుచుకో" అన్నాడు. ఆ ఇంట్లో ఆయన మాట వినే వస్తువు అప్పటికీ లేదు. "నీకేటి దయ లేదా బాలా? కన్నపిల్ల!" అని ఈమె మీదికే తిరిగాడు.

బాలామణి వెనక్కి తిరగలేదు. తిరిగితే తలుపు దగ్గర ఎవరు నిలబడి ఉంటారో ఆమెకు తెలుసు. పిల్ల నిలబడి ఉంటుంది, పిల్ల చేతిలో క్యారియర్ ఉంటుంది. ఫోన్లో తన మొహం అచ్చం చింతపండు గింజలు తీస్తున్న మొహంలా ఉంది.

"తెరుచుకో" అనే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. రాలేదు. ఎంత తోసినా రాలేదు. బియ్యం అడుగుతోంది, కుళాయి అడుగుతోంది, ఫ్యాను అడుగుతోంది, మొగుడు అడుగుతున్నాడు, తలుపు అడుగుతోంది, పిల్ల ఏడుస్తూ అడుగుతోంది. చెవులు గింగురుమన్నాయి. బాలామణి రెండు చేతులతో చెవులు మూసుకుని అరిచింది.

"నన్నడక్కండి! ఏదీ! ఇంక నన్నడక్కండి!"

ఒక్క క్షణం ఏమీ కాలేదు. తరువాత అన్నీ ఒకేసారి జరిగాయి. కుళాయి గలగలమని మొదలైంది. ఫ్యాను తిరిగింది. కెటిల్ మూత ఎగిరింది. తీగ మీది బట్టలు ఫెళఫెళమని ఆరిపోయాయి. మోహనకృష్ణకు ఎన్నాళ్ళుగానో ఆగి ఉన్న తుమ్ములు వరసగా వచ్చాయి. తలుపు ధడాలున తెరుచుకుంది. పిడి పట్టుకుని లాగుతున్న జయ వెనక్కి పడబోయి, నిలదొక్కుకుని, ఒక్క క్షణం తల్లి వీపు వైపు చూసి, బ్యాగులందుకుని పరిగెత్తింది.

మెట్ల మీంచి "అమ్మా, ఎళ్ళొస్తా!" అని వినిపించింది. ఫోను చార్జింగుందా అని అడగడానికి బాలామణి నోరు తెరిచేసరికి టాక్సీ మలుపు తిరిగింది. కూతురి మొహం సరిగ్గా చూడలేదు. ఒక ముద్ద తినిపించలేదు.

ఆమె అక్కడే కూర్చుంది. ఇప్పుడు వస్తువులు కూడా వినవు. ఇంటి లోపల కూడా ఇక అంతా రోడ్డులాంటిదే.

అయిదు కొట్టేసరికి తెర వెలిగింది. రాధారాణి నవ్వుతూ కనిపించింది. "నమస్తే అండీ. సరిగ్గా నాలుగింటికే వచ్చాను."

బాలామణి గోడ గడియారం చూసింది. అప్పుడర్థమైంది. విశాఖపట్నంలో నాలుగంటే ఇక్కడ అయిదు. ముందు రెండుసార్లూ ఆ తేడా చూసి సమయం కుదిర్చింది జయ. "ఇక్కడ అయిదు సయామా," అంది.

"మీరొక గంట ముందే కూర్చున్నారా? అయ్యో. ఆ గంటలో ఏం చేశారు?"

"మా అమ్మాయి ఎల్లిపోయింది."

"తలుపుకు చెప్పగలిగారన్నమాట."

"చెప్పలేదు. నన్నడగొద్దన్నాను."

రాధారాణి కలం కింద పెట్టింది. "ఇప్పుడు ఎలా ఉంది?"

"భయంగా ఉంది," అంది బాలామణి. "ముందు కన్నా ఎక్కువే ఉంది సయామా. మీరేదో తగ్గుతాదన్నారు."

"తగ్గుతుందనలేదండీ."

వంటింట్లోంచి మోహనకృష్ణ కేక వినిపించింది. "బాలా! ఈ అన్నం ఆగమంటే ఆగట్లేదే! మాడిపోతన్నాది!"

"పొయ్యి కట్టండి."

"ఎలాగే?"

"కుడిపక్క బిరడా ఉంటాది. తిప్పండి."

"ఎటు తిప్పాలి?"

బాలామణి ఫోను వైపు తిరిగింది. కాసేపటికి ఇల్లంతా మాడువాసన నిండింది. తరువాత టక్కుమని చప్పుడైంది.

రాత్రి జయ, విమానం మారడానికి బ్యాంకాక్‌లో దిగానని రాసింది. చెక్ పోస్టులో ఎవరూ ఆపలేదట. ఫోను చార్జింగు అయిపోతే పక్క సీటామె ఇచ్చిందట.

ఆ ఏడు వానలు తగ్గాక బాలామణి ఎవరికీ, తలుపుకు కూడా చెప్పకుండా బస్సెక్కి పెగూ అనే ఊరు వెళ్ళింది. వారం ఉండి వచ్చింది.