నీళ్లు తగ్గించిన తొట్టి

దబీర్‌పురా స్టేషన్ వెనక రవీందర్ కార్ఖానాలో సుశీలమ్మ పదకొండేళ్లుగా కిలుము పట్టిన ఇత్తడి సామాన్లను తేజాబు తొట్టిలో ముంచి తీస్తోంది. ఆ ఆమ్లంలో నీళ్లు బాగా కలిపేవారు కనుక ఒక్కో బిందె మెరుగు తేలడానికి చాలాసేపు పట్టేది. చేతులకు తొడుగులు లేవు, కళ్లకు అద్దాలు లేవు. చుక్క పడితే కుళాయి కింద కడుక్కొని మళ్లీ పనికి కూర్చునేది. అది అన్యాయమని ఆ వీధిలో ఎవరికీ తోచలేదు.

కూతురు అనూహ్య పదో తరగతి. గాఢత పెరిగితే రసాయన చర్య వేగం పెరుగుతుందని ఆ వారమే బడిలో చెప్పారు. తల్లి రోజూ చీకటి పడ్డాకే ఇల్లు చేరడం చూస్తున్న ఆ పిల్లకు ఆశ పుట్టింది.

"అమ్మా, నీళ్లు తక్కువ పొయ్యి. కణాలు దగ్గరదగ్గర ఉంటే ఎక్కువసార్లు తాకుతయి, కిలుము జల్ది పోతది. నువ్వు జల్ది ఇంటికొస్తవ్" అంది.

సుశీలమ్మ అలాగే చేసింది. పని నిజంగానే సగం పొద్దుకు ముగిసింది. రెండు రోజులు ఎండ ఉండగానే వచ్చి బిడ్డకు తల దువ్వింది. మూడో రోజు రవీందర్ సంగతి కనిపెట్టాడు. ఆమె తెలివిని మెచ్చుకుని, రెట్టింపు సామాన్లు తెచ్చి ఆమె ముందు కుప్ప పోయించాడు. ఘాటుకు కళ్లు మండుతున్నాయి, కళ్లద్దాలు ఇప్పించమని ఆమె అడిగితే, ఇన్నేళ్లు లేనివి ఇప్పుడెందుకని నవ్వాడు.

ఆ శుక్రవారం బరువైన బిందె చేయి జారింది. తొట్టిలోది ముఖాన చిమ్మింది. కుళాయి నాలుగడుగుల దూరమే. అక్కడికి చేరేలోపే కుడికన్ను పోయింది.

నీళ్లు తగ్గించమని తానెన్నడూ చెప్పలేదని రవీందర్ ఆస్పత్రిలో అందరి ముందూ అన్నాడు. అది అబద్ధం కాదు. అనూహ్య గోడకు ఆనుకుని ఆ మాట విన్నది. తల్లి మాత్రం కూతురి పేరెత్తలేదు.

సోమవారం అనూహ్య కార్ఖానాకు వెళ్లింది. తల్లి చోట శారదమ్మ అనే ముసలామె కూర్చుని ఉంది. తొట్టిలో అదే చిక్కటి తేజాబు. ఆమె కళ్లకూ అద్దాలు లేవు. నీళ్లు కలపమని అనూహ్య బతిమాలింది.

"కలిపితే పని తెమలదు, బిడ్డా. ఇప్పుడు సేట్‌కు గీ లెక్క అలవాటైంది" అంది శారదమ్మ, తలెత్తకుండానే.

అనూహ్య ఏడవలేదు. బడిలో నేర్చింది నిజమే. ఆమ్లానికి కిలుమూ కన్నూ ఒక్కటే. ఆ తేడా తెలియవలసింది యజమానికి. రక్షణ ఇవ్వకుండా వేగం అడిగే చోట ముందుగా కరిగేది పనిచేసే మనిషి ఒళ్లేనని ఆమెకు అప్పుడు తెలిసింది.